గార్డు మామ కలర్ టీవీ

పోయిన ఆదివారం మా దోస్తు ఒకడు నన్ను హనుమకొండ చౌరస్తాలో ఒక టీవీల దుకాణానికి లాక్కుపోయాడు. వాడు కొత్తగా టీవీ గేమ్ డబ్బా కొన్నాడు. ఇంట్లో ఉన్న చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ దానికి చాలదని అనుమానం. కలర్‌ది కొనాలా, కొంటే పెద్దది కొనాలా అని సేటును అడిగాడు. పెద్దదే అన్నాడు సేటు. ఆ సేటు ఎవరికైనా చిన్నది చాలని చెప్పినట్టు వరంగల్ చరిత్రలో లేదు. మా వాడు నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పురా. పెట్టిన పైసలకు ఆటల అంత తేడా వస్తదా?"

ఆ ప్రశ్నకు అనుభవం మీద జవాబు చెప్పగల మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని అంతకు ముందు మంగళవారమే సమాధుల తోటలో దించి వచ్చాం. నేను జవాబు చెప్పకుండా చాయ్ తాగుదాం పదమన్నాను. మా వాడు పెద్దదే కొన్నాడట. కొననీ. వాడి కళ్లు బాగానే ఉన్నాయి.

సమాధి దగ్గర పాస్టరుగారు చాలాసేపు మాట్లాడారు. మన సహోదరుడు ఈ లోకంలో ఆఖరి రోజుల్లో చీకట్లో నడిచాడు, ఇప్పుడు అన్నీ స్పష్టంగా చూస్తున్నాడు అన్నారు. ఆడవాళ్లు ఏడ్చారు. నాకు ఇలాంటి మాటలు తొందరగా ఎక్కవు. కానీ ఒకవేళ అదే నిజమైతే, అక్కడి దీపాలు మంచి కంపెనీవి కావని మామ ఈపాటికి ఎవరికో ఒకరికి ఫిర్యాదు చేసే ఉంటాడు.

మామ గూడ్సు బండి గార్డు. డ్యూటీ కాజీపేటలో, ఇల్లు శివనగర్‌లో, మా ఇంటి గోడకు అవతల. వరసకు నాకు ఏమీ కాడు. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. మేము కిరాణా దుకాణం వాళ్లం, దుకాణం మూసిన రోజు గుడికి పోయేవాళ్లం, అంటే పోయేవాళ్లం కాదు. అయినా నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు కనక ఆ పిలుపు వల్ల ఎవరికీ ప్రమాదం లేకపోయింది.

ఆయనకు లోకంలో ఒకే సిద్ధాంతం. తప్పు ఎప్పుడూ మనిషిది కాదు, సామానుది. ద్వారబంధానికి భుజం తగిలితే దర్వాజా ఇరుకు. సైకిల్ మోరీలోకి పోతే హ్యాండిల్ వంకర. చర్చిలో ఆయన పాట శ్రుతి తప్పితే హార్మోనియం పెట్టె పాడైంది. ఈ ఆఖరిదాన్ని పాస్టరుగారు నమ్మి సంఘం చేత కొత్త పెట్టె కొనిపించారు. పెట్టె బాగుండేది. పాట పాతదే వచ్చేది.

"సామాను మంచిది ఉండాలె అల్లుడా," అనేవాడు. "సామాను మంచిదైతే మన మీద మాట రాదు."

అందుకే, ఒక్క చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ తప్ప, ఆయన ఇంట్లో ప్రతిదీ దుకాణంలో అన్నిటికన్నా పై అరలో ఉండే రకం. ఆయన టార్చిలైటుతో కొడితే మనిషి పడిపోతాడు, వెలుగుతో కాదు, బరువుతో. ఆయన గొడుగు విప్పితే మా గల్లీలో ఎదురొచ్చేవాడు వెనక్కి పోవలసిందే. ఆ గొడుగు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అడిగితే, "నీకు గాలివాటం తెల్వదు, ఇరగ్గొడ్తవ్," అనేవాడు. ఆయన నోట మనిషిని తప్పుబట్టిన మాట నేను విన్నది అదొక్కటే.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వాకిట్లో ఆగి, నడుం నుంచి పైభాగం మొత్తం ఎడమకు తిప్పి గల్లీ ఆ చివరి దాకా చూసేవాడు. తర్వాత కుడికి తిప్పి ఈ చివరి దాకా చూసేవాడు. బ్రేక్ వ్యానులోంచి వంగి బండి మొత్తం చూసుకునే అలవాటు అనుకునేవాళ్లం అందరం. నేను మా దుకాణం గద్దె మీంచి, "లైన్ క్లియర్ మామా, పోనియ్!" అని అరిచేవాణ్ని. ఆయన చెయ్యెత్తి కదిలేవాడు. అప్పటికే ఆయనకు పక్కలు కనబడడం తగ్గిందనీ, మెడ తిప్పితే చాలక నడుం తిప్పుతున్నాడనీ ఎవరికీ తట్టలేదు. ఆయనకూ తట్టలేదు.

బ్రేక్ వ్యాను అంటే గూడ్సు బండికి చిట్టచివర తగిలించే చిన్న డబ్బా. అందులో గార్డు ఒక్కడే ఉంటాడు. దాన్ని ఆయన 'నా బంగ్లా' అనేవాడు. కాజీపేట నుంచి డోర్నకల్ దాకా తనూ, తన టిఫిన్ డబ్బా, వెనక్కి పారిపోయే పట్టాలు. "మాట్లాడేటోడు లేడు, మాట పడేది లేదు. గంత సుఖం దొరలకు ఎక్కడుంటదే?" అని అత్తమ్మను అడిగేవాడు. అత్తమ్మ, "అయితే గాడనే పండు, నాకూ సుఖమే," అనేది.

ఆ బంగ్లాకు ఒక షరతు ఉంది. గార్డుకు కొన్నేళ్లకోసారి కళ్ల పరీక్ష. దూరం నుంచి అక్షరాలు చదవాలి, రంగులు చెప్పాలి. తప్పితే చేతిలోంచి జెండా తీసుకుని ఆఫీసులో కుర్చీ ఇస్తారు. నా డిగ్రీ అయిపోయిన ఏడు ఆ పరీక్ష వానాకాలం మొదట్లో రావలసి ఉంది. మామ దాని గురించి మాట్లాడేవాడు కాదు. మాట్లాడకపోవడం ఎంతగా అంటే, ఎవరైనా కళ్లజోడు పెట్టుకుని వస్తే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

సరిగ్గా ఆ ఎండాకాలమే అత్తమ్మ తమ్ముడు మస్కట్ నుంచి వస్తూ టీవీ గేమ్ తెచ్చాడు. నల్లటి డబ్బా, దానికి వైర్లతో రెండు గుబ్బలు. గుబ్బ తిప్పితే తెర మీద గీత లాంటి బ్యాటు పైకీ కిందికీ జరుగుతుంది. ఎడమ అంచున ఒక బ్యాటు, కుడి అంచున ఒకటి, మధ్యలో అటూ ఇటూ కొట్టుకునే బంతి. అంతే ఆట. ఇంతదానికి సముద్రం దాటి రావాలా అని మా నాయన అన్నాడు గానీ, రోజూ సాయంత్రం గోడ మీంచి స్కోరు అడిగేవాడు.

నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. కాబట్టి మామకు ప్రత్యర్థిగా నన్ను నియమించారు. మొదటి రోజే ఆయన ఓడిపోయాడు. రెండో రోజూ అంతే. బంతి మధ్యలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. అంచుకు వచ్చేసరికి ఆయన బ్యాటు ఎక్కడో ఉండేది, ఆయన ఇంకెక్కడో ఉండేవాడు.

"టీవీ మంచిది కాదు. పక్కలకు పిక్చర్ కట్టయితాంది."

"నా పక్కకు కట్టయితలేదు మామా."

"నీ పక్క సాఫ్ ఉన్నది. కంపెనీవోడు ఒక పక్కనే మంచిగ జేసిండు."

పక్కలు మార్చుకున్నాం. కంపెనీవాడు ఆ రోజు రెండో పక్క బాగు చేశాడు.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇది ఆట కాదు, కళ్లకు కసరత్తు. పహిల్వాన్లు తాలీములో దండీలు తీసి కండ పెంచినట్టు, ఈ బంతి వెంట చూపును పరుగెత్తిస్తే చూపు బలుస్తుంది. పరీక్ష నాటికి దవాఖాన గోడ అవతల ఉన్న అక్షరాలు కూడా చదివేస్తాడు. ఆయన ఈ సంగతి నాకు రహస్యంగా చెప్పాడు. అత్తమ్మ వంటింట్లోంచి, "బంతి ఎంట ఉరికితే కళ్లు బలుస్తయా? ఉల్లిగడ్డలు కొయ్యి, ఇంకా బలుస్తయ్," అంది. రహస్యాలకు ఆ ఇల్లు చాలా చిన్నది.

కసరత్తు మొదలైంది. డ్యూటీ దిగి రాగానే స్నానం, చాయ్, గుబ్బ. చూపు బలవలేదు. మొదట ఆయన బజారు నుంచి రంగుల ప్లాస్టిక్ షీటు తెచ్చి తెరకు తగిలించాడు. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. బ్లాక్ అండ్ వైట్ టీవీని కలర్ చేసే ఉపాయం అని అప్పట్లో సగం ఊరు వాటిని కొన్నది. వార్తలు చదివే ఆవిడకు నీలం జుట్టు, పచ్చటి మెడ వచ్చాయి. ఆవిడకు ఏదో రోగమని పక్కింటి ముసలమ్మ బాధపడింది. ఆటలో బంతి పైన ఎగిరితే నీలం, కిందికి వస్తే పచ్చ అయ్యేది.

"ఎట్లున్నది కలర్?" అన్నాడు మామ గర్వంగా.

"బంతికి కామెర్లు తగ్గి ఎండదెబ్బ తగిలినట్టున్నది మామా."

ఓడిపోవడంలో మార్పు లేదు. ఇక మిగిలింది అసలు కలర్ టీవీ. దానికి ఆయన చెప్పిన న్యాయం ఇది: పరీక్షలో రంగులు అడుగుతారు. నలుపు తెలుపుల్లో సాధన చేసినవాడు ఎరుపునూ పచ్చనూ ఏం గుర్తుపడతాడు? రోజూ పట్టాల మీద ఎర్రవీ పచ్చవీ చూస్తూనే ఉన్నావు కదా మామా అంటే, అది డ్యూటీ, ఇది ప్రాక్టీస్ అన్నాడు. అత్తమ్మ మాట్లాడడం మానేసింది. ఆమె మాట్లాడకపోతే వంటింట్లో గిన్నెలు మాట్లాడేవి. అవి వారం రోజులు మాట్లాడాయి.

టీవీ రిక్షాలో వచ్చింది. దుకాణంలో అన్నిటికన్నా పెద్దది. చెక్క తలుపులూ తాళంచెవీ కూడా ఉన్నాయి. పాస్టరుగారు వచ్చి, ఈ పెట్టె ప్రభువు మహిమ కొరకే వాడబడును గాక అని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నవాళ్లలో సగం మంది గేమ్ చూడడానికి వచ్చినవాళ్లే. పాత టీవీ గది ఆ మూల, బీరువా మీద చిన్నగా కూర్చుని ఉండేది. ఇది అక్కడ పట్టదు. బల్ల వేసి నడుమ పెట్టారు. మనుషులు కుర్చీల్లో కూర్చుంటే మోకాళ్లకు టీవీ తగిలేంత దగ్గరగా ఉంది.

నిజం చెప్పాలి. బొమ్మ అద్భుతం. పచ్చటి మైదానం, ఒక ఎర్ర బ్యాటు, ఒక నీలం బ్యాటు, పసుపుపచ్చ బంతి. నా లాంటివాడు కూడా దగ్గరికి వంగి చూశాడు. మామ తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆట మొదలైంది.

ఆయన అంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు.

పాత టీవీలో బంతి అంచుకు వచ్చాక తప్పేది. ఇందులో సగం దూరంలోనే తప్పుతోంది. మామ ఓల్టేజీ అన్నాడు. కొత్త స్టెబిలైజర్ సూది నిటారుగా ఉంది. గుబ్బ అన్నాడు, గుబ్బలు మార్చుకున్నాం. యాంటెన్నా తిప్పమన్నాడు. గేమ్‌కూ యాంటెన్నాకూ సంబంధం లేదని అందరికీ తెలుసు, అయినా ఒకడు మేడెక్కి తిప్పాడు, కొత్త టీవీ మీద గౌరవంతో. ఇంక అనడానికి సామాను మిగల్లేదు. అన్నిట్లోకీ మంచిది ఎదురుగా, తలుపులు బార్లా తెరుచుకుని వెలుగుతోంది.

మామ కుర్చీ వెనక్కి జరిపాడు. కొంచెం నయం. ఇంకా జరిపాడు. గది అయిపోయింది. గడప మీదికి జరిపాడు. గుబ్బ వైరు బట్టలారేసే తీగలా బిగుసుకుంది. అక్కడి నుంచి, ఆ సాయంత్రం మొదటిసారి, ఆయన బంతిని తిప్పికొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

"మామా, ఇంక జర ఎనక్కి పో. అండర్ బ్రిడ్జి కాన్నుంచి ఆడితే నన్ను గెలుస్తవ్!" అన్నాను.

అందరూ నవ్వారు. మామ గుబ్బను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఇయ్యాల్టికి చాలు, పోండ్రి," అన్నాడు. జనం పోయారు. నన్ను మాత్రం ఆగమన్నాడు. కుర్చీ మళ్లీ టీవీ ముందుకు తెచ్చుకున్నాడు.

"అల్లుడా, ఎగతాళి చెయ్యకుండ చెప్పు. ఈడ కూసుంటే నీకు రెండు బ్యాట్లు కనబడ్తయా?"

"కనబడ్తయ్ మామా."

"రెండూ?"

"రెండూ."

"ఒక్కపారే?"

నేను తెర వైపు చూశాను. ఎర్రది ఆ అంచున, నీలంది ఈ అంచున, కదలకుండా ఉన్నాయి. "ఒక్కపారే," అన్నాను.

ఆయన తల ఊపాడు. "నాకు ఒకటి జూస్తే ఒకటి ఉండది. నడుమంతున జూస్తే రెండూ ఉండయి. అందరికీ గంతే అనుకున్న. మనిషి కన్ను గింతే గావచ్చు అనుకున్న."

చవక సామానులో ఒక గొప్పదనం ఉంది. అది మన తప్పు మోస్తుంది, కిక్కురుమనదు. ఖరీదైనది మొయ్యదు. ఎంత ఖరీదైతే అంత నిక్కచ్చిగా తప్పును తెచ్చి మన ఒళ్లో పెడుతుంది. ఆ పాత టీవీ ఉండి ఉంటే మామ ఇంకో పదేళ్లు కంపెనీని తిట్టుకుంటూ హాయిగా ఉండేవాడు. బండి వెనక ఏం జరిగేదో మాత్రం నాకు తెలియదు.

మర్నాడే ఆయన డ్యూటీకి సెలవు పెట్టాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. అత్తమ్మ అంతా విన్నది కాబట్టి ఆమెకు చెప్పే పని లేకపోయింది. ఆమె లెక్క ఆమెకుంది. చర్చిలో గార్డుగారి భార్య అని ముందు బెంచీలో కూర్చుంటుంది. ఆయనకు ఆ డబ్బా తప్ప లోకంలో ఇష్టమైంది లేదని కూడా ఆమెకే తెలుసు.

"అక్షరాలు కనబడ్తయా?" అని అడిగింది, నా ముందే.

"నడుమంతున ఉన్నయన్నీ కనబడ్తయ్."

"రంగులు?"

"మంచిగ."

"మరింకేం? వాళ్లు అడిగేది గవ్వే. అడిగినదానికి చెప్పు, వచ్చెయ్యి. అడగందానికి నోరు తెరవకు. కళ్లు పరీక్షకు పోయి వచ్చినంక చూపిచ్చుకుందాం. సమజైందా?"

"సమజైంది."

"వీడు ఎంట వస్తడు. నువ్వు నోరు తెరిస్తే వీడు దగ్గుతడు."

అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది.

పరీక్ష రోజు రైలెక్కి పట్నం పోయాం. అక్కడి రైల్వే దవాఖానలో కళ్ల డాక్టరు కుర్రవాడు. చల్లగా మాట్లాడేవాడు. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చాడు. మామ ఒక కన్ను మూసి అక్షరాలు చదివాడు. కింది వరస దాకా, పలక పట్టిన పిల్లవాడిలా గట్టిగా చదివాడు. రెండో కన్ను. అదీ అంతే. రంగుల చుక్కల పుస్తకంలో అంకెలు ఒక్కటి తప్పలేదు. ఈ వయసులో ఇంత మంచి చూపు అరుదు అన్నాడు డాక్టరు. "మీరు వెళ్లవచ్చు," అని కాగితం లాక్కున్నాడు.

మామ లేవలేదు.

నేను దగ్గాను. ఉద్యోగ ధర్మం.

"సార్," అన్నాడు మామ, "పక్కలకు బంతి కనబడ్తలేదు."

"ఏ బంతి?"

"టీవీల బంతి సార్. పెద్ద కలర్ టీవీ. మంచి కంపెనీది. దానిది తప్పు లేదు."

డాక్టరు నా వైపు చూశాడు, ఈయన మానసిక స్థితి గురించి అడుగుతున్నట్టు. నేను మళ్లీ దగ్గాను. ఆయన కలం పెట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మామకు ఎదురుగా కూర్చున్నాడు. "నా ముక్కు వైపే చూడండి. నేను పక్కన వేళ్లు ఆడిస్తాను. కనబడగానే చెప్పండి," అన్నాడు.

మామ డాక్టరు ముక్కు వైపు చూశాడు. డాక్టరు చేతులు రెండూ చాచి వేళ్లు ఆడించాడు. మామ నిటారుగా కూర్చుని ఉన్నాడు. డాక్టరు చేతులు కొంచెం దగ్గరికి తెచ్చాడు. ఇంకా తెచ్చాడు. మామ చెవుల పక్కన వేళ్లు ఆడుతున్నాయి. తలుపు దగ్గర నాకు దగ్గు రాలేదు.

మామ మర్యాదగా అడిగాడు. "ఎప్పుడు చూపిస్తరు సార్?"

డాక్టరు చేతులు దించలేదు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత దించి, మామ మోకాలి మీద ఒక చెయ్యి వేసి, నీటికాసులు అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కల నుంచి చూపును తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు. పోయినది రాదు. ఉన్నదాన్ని మందు చుక్కలతో ఎంతకాలం నిలుపుకోగలిగితే అంత. మామ అన్నిటికీ "మంచిది సార్" అన్నాడు. ఏది మంచిదో నాకు అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణం ప్యాసింజరు బండిలో. రఘునాథపల్లి దాటాక అడిగేశాను.

"ఎందుకు చెప్పినవ్ మామా? పాసైనవ్ గదా. ఆయన పొమ్మన్నడు గూడ."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మొహం మొత్తం తిప్పి చూస్తున్నాడు.

"డ్రైవరుకు జూపు తప్పితే పక్కన ఇంకోడు ఉంటడు. టేషను మాస్టరుకు తప్పితే పట్టాలు మార్చే పాయింట్‌మన్ ఉంటడు. బండికి చిట్టచివర్న ఉండేది నేనొక్కణ్నే. నేను చూడంది ఇంకెవ్వడూ చూడడు." నా వైపు తిరిగి, "టీవీ మంచిదిరా," అన్నాడు. "దాన్ని ఏమనకు."

"నేనేమన్న మామా?"

"మీ అత్త అంటది. అననియ్యకు."

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. అత్తమ్మ గడపలోనే నిలబడింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. నా మొహం మీద ఎక్కువసేపు చూసింది, దగ్గావా లేదా అన్నట్టు.

"అడిగిండ్రా?" అంది.

"అడగలే," అన్నాడు మామ.

"మరి?"

"చెప్పిన."

ఆమె అరుస్తుందని నేను గోడ వైపు జరిగాను. ఆమె అరవలేదు. "కాళ్లు కడుక్కోండ్రి," అని లోపలికి పోయింది. నన్నూ తిని పొమ్మంది. మేము పీటల మీద కూర్చున్నాం. నాకు వడ్డించింది, ఆయనకు వడ్డించింది. ఆయన నీళ్ల చెంబు ఆయనకు ఎడమ పక్కన పెట్టింది, రోజూ పెట్టే చోట. ఒక అడుగు వెనక్కి వేసి, ఆగి, ఆ చెంబును చూసింది. మళ్లీ వంగి దాన్ని తీసి, కంచానికి అవతల, సరిగ్గా ఆయన ముక్కుకు సూటిగా పెట్టింది. ఉప్పు గిన్నె తెచ్చి దాని పక్కనే పెట్టింది. పచ్చడి గిన్నె కూడా అక్కడికే చేర్చింది.

మామ అన్నం కలుపుతూ అన్నీ చూశాడు. ఏ ఒక్కదానికీ మెడ తిప్పలేదు.